కొత్తది వచ్చేదాకా ఆగుదామా?

మా చెల్లెలి కూతురు భద్రాచలం నుంచి ఫోను చేసిందంటే డాబా ఎక్కిందన్నమాటే. ఇంట్లో సిగ్నలు సరిగ్గా అందదు. మాట వెనక గాలి హోరు, దాని వెనక వంతెన మీద సారపాక వైపు పోయే లారీల హారన్లు వినిపిస్తుంటే, కింద అమ్మానాన్నల ముందు అనలేని మాటేదో ఉందని నేనే గ్రహించుకుంటాను.

"పెద్దమ్మా, ఒక మాటడుగుతాను. నవ్వకూడదు."

"నవ్వనులే, చెప్పు."

"దసరా రోజుల్లో పైథాన్ కొత్త వెర్షన్ వస్తోందట. అదొచ్చాక నేర్చుకోమంటావా, ఇప్పుడున్నదే నేర్చుకోమంటావా?"

నవ్వనన్నదాన్ని నవ్వేశాను. ఇది 2025 ఆగస్టులో సంగతి. "నేను బి.ఎ. చదివిన దాన్ని తల్లీ! నాకు పైథానంటే కొండచిలువ. దానికి వెర్షన్లుంటాయని నువ్వు చెప్తేనే తెలిసింది" అన్నాను.

"ఇదీ భాషేగా! నువ్వు భాషతోనేగా బతుకుతున్నావు" అంది ఆ పిల్ల. ఆ జవాబుకి నా దగ్గర జవాబు లేదు.

తర్వాత అసలు సంగతి బయటికొచ్చింది. ఆ పిల్ల డిగ్రీ ఆఖరి ఏడు. మా చెల్లెలు మహిళా సంఘంలో లోను తీసి కోర్సుకి డబ్బు కూడదీసింది. చేరదామని వెళ్తే ఆ సెంటరు వాళ్ళు, "ఇప్పుడు చేరితే పాత వెర్షనే చెప్తాం. రెండు నెలలాగి కొత్త బ్యాచిలో చేరితే కొత్తది. ఫీజు మాత్రం ఇప్పుడే కట్టి పేరు రాయించుకోండి" అన్నారట. తండ్రి మంచివాడే. కాని "కోర్సు అయ్యేదాకా సంబంధాలు చూడను, ఆ తర్వాత నన్నాపొద్దు" అని ముందే మాట తీసుకున్నాడు. రెండు నెలలాగితే పాఠం ఒక్కటే ఆగుతుంది. పెళ్ళిచూపులు ఆగవు.

ఇంకొక సంగతి మీతో చెప్పాలి. 2001లో నేను డిగ్రీ పూర్తి చేశాక ఖమ్మంలో ఒక సెంటరుకి కంప్యూటరు నేర్చుకోవాలని వెళ్ళాను. అక్కడి అబ్బాయి చాలా మర్యాదగా, "ఇప్పుడు చెప్పేది పాతబడిపోతోందండీ, కొత్తది వస్తోంది, వచ్చే బ్యాచిలో చేరండి" అన్నాడు. వచ్చే బ్యాచి మొదలయ్యేలోగా నాకు పెళ్ళయిపోయింది. నా కాపురానికేం లోటు లేదు లెండి. కాని ఆ "వచ్చే బ్యాచి" మాత్రం ఇరవై నాలుగేళ్ళుగా నాకు రానేలేదు.

అందుకని ఆ పిల్లకి వెంటనే "చేరిపో" అనబోయి ఆగాను. నా బాధని దాని నెత్తిన సలహాగా రుద్దడం న్యాయం కాదు. తెలియని సంగతిలో సలహా చెప్పే ముందు చదవడం ఒక్కటే నాకు తెలిసిన పద్ధతి. నాలుగు వారాలు కూర్చుని చదివాను. నవలలు సమీక్షించినట్టే, కంప్యూటరు భాషల చరిత్రలో పేరు మోసిన మూడు "కొత్త కూర్పుల"ని ముందేసుకున్నాను. కొత్తదని చెప్పుకున్నవి వచ్చి ఏం చేశాయో, రాకముందు ఎవరిని ఎంతకాలం కూచోబెట్టాయో చూద్దామని.

ముందు వెర్షనంటే ఏమిటో అర్థం చేసుకోవాలి. మనకి పునర్ముద్రణ వేరు, సవరించిన కూర్పు వేరు కదా! వీళ్ళకీ అంతే. 3.13, 3.14 అని అంకెలేస్తారు. చుక్క తర్వాతి అంకె మారితే ఇంటికి సున్నం వేయించినట్టు. చుక్కకి ముందున్నది మారితే ఇల్లే మారినట్టు. పైథాన్‌కి 2020 నుంచి ఏటా అక్టోబరులో ఒక సున్నం పని జరుగుతోంది. వచ్చిన ప్రతి కూర్పుకీ ఐదేళ్ళపాటు మరమ్మతు చూస్తామని మాటిచ్చారు. ఒక ఏడు తప్పుల్ని మరింత విడమరిచి చెప్తుంది, ఒక ఏడు వేగం పెంచుకుంటుంది. 2022లో వచ్చింది అలా వేగానికే పేరు తెచ్చుకుంది. మొత్తం మీద మనకి దసరాకి కొత్త చీర వచ్చినట్టే. కట్టుకునే మనిషి మారదు.

ఇల్లు మారిన కథలు వేరు. చూడవలసినవి అవి.

మొదటి పుస్తకం ఈ పైథాన్‌దే. దీని కర్త గ్వీడో వాన్ రోసమ్ డచ్చి దేశస్థుడు. 1991లో లోకానికిచ్చాడు. పేరుకి కొండచిలువతో సంబంధం లేదు, మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ హాస్యబృందం మీది ఇష్టంతో పెట్టుకున్నాడు. రెండో పైథాన్ పోయి మూడోది రావడం పెద్ద ఇల్లు మారడం. 2008 డిసెంబరు 3న మూడోది వచ్చింది.

ఏం మారిందట? ఒకటి చెప్తాను. ఐదుని రెండుతో భాగించమంటే పాతది "రెండు" అనేది. అంటే ఐదు జొన్నరొట్టెలు ఇద్దరికి పంచమంటే చెరి రెండూ పెట్టేసి, ఐదో రొట్టె సంగతి నోరెత్తని కోడలన్నమాట! కొత్తది "రెండున్నర" అంటుంది. ఇంకొకటి. తెర మీద ఏదైనా చూపించమనడానికి "ప్రింట్" అనే మాట ఉంది. పాతదానికి ఆ మాట పక్కన బ్రాకెట్లు అక్కర్లేదు. కొత్తదానికి బ్రాకెట్లు లేకపోతే గిట్టదు. "బ్రాకెట్లు మరిచావు, ఇలా రాద్దామనుకున్నావా?" అని మర్యాదగా అడుగుతుంది గాని పని మాత్రం చేసిపెట్టదు. చదువుకున్న అత్తగారి మర్యాద అది.

ఇంత చిన్న మార్పులకి అంత గొడవెందుకని మీరనుకోవచ్చు. పాతభాషలో రాసిపెట్టుకున్న వేలకివేల ప్రోగ్రాములు కొత్తదానిలో నడవవు. మనుషులకైతే ఆ బెడద లేదు. వాడుక భాషలో చదువుకున్న మనం పాత గ్రంథాన్ని కాస్త కష్టపడితే చదవగలం. యంత్రానికి ఆ దయ లేదు. అందుకే జనం కదల్లేదు. పాతదాన్ని 2015లో ఆపేస్తామన్నారు. ఎవరూ లేవలేదు. 2014లోనే ఆ గడువుని 2020 దాకా పొడిగించారు.

ఇది చదువుతుంటే నాకు భద్రాచలంలో గోదావరే గుర్తొచ్చింది. నీటిమట్టం 43 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మొదటి హెచ్చరికకి మా చెల్లెలు వాళ్ళ వీధిలో ఎవరూ బీరువా కూడా కదపరు. రెండోదానికి బియ్యం బస్తాలు పైకెక్కిస్తారు. మూడోదానికి అప్పుడు చూడాలి పరుగులు! పైథాన్ లోకంలోనూ అంతే అయింది. 2020 జనవరి 1న పాతదానికి మరమ్మతులు ముగిశాయి. ఏప్రిల్లో చివరి కూర్పు ఒకటిచ్చి తలుపు మూశారు. పదకొండేళ్ళ పైచిలుకు ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగాయన్నమాట.

అన్నిటికంటే పెద్ద మార్పు మాత్రం రొట్టెలూ కాదు, బ్రాకెట్లూ కాదు. అక్షరాలు. అక్కడికొచ్చేసరికి నేను నిటారుగా కూర్చున్నాను.

"తెలుగు" అనే మాటలో అక్షరాలెన్ని? పలక పట్టిన పిల్లనడిగినా మూడంటుంది. పాత పైథాన్‌లో మామూలుగా రాసి లెక్కపెట్టమంటే పద్దెనిమిది అంటుంది! అది మన అక్షరాల్ని చూడదు, వాటిని దాచిపెట్టే బైట్లు అనే చిన్న చిన్న గూళ్ళని లెక్కపెడుతుంది. కొత్త పైథాన్ ఆరు అంటుంది. ఎలాగంటారా? త ఒకటి, దాని ఎత్వం ఒకటి, ల ఒకటి, దాని కొమ్ము ఒకటి, గ ఒకటి, దాని కొమ్ము ఒకటి. మన ఖమ్మం సంగతి చూడండి. మనకి రెండక్షరాలు. పాతదానికి పదిహేను, కొత్తదానికి ఐదు.

విమర్శకురాలిగా నా తీర్పు ఇదీ: కొత్తది మన ఇంటి గుమ్మం దాకా వచ్చింది, లోపలికి రాలేదు. అయినా పాతదానికంటే ఎంతో నయం. గుణింతాన్ని గుర్తించింది, అది అక్షరానికి అంటుకునే ఉంటుందని మాత్రం తెలుసుకోలేదు. "తెలుగు"ని తిరగేసి రాయమంటే కొమ్ముని ముందు ఒంటరిగా పడేసి, త మీది ఎత్వాన్ని ఊడదీసి ల కి తగిలిస్తుంది.

అక్షరాల దగ్గర నాకింత పట్టింపు ఎందుకో చెప్తాను. యూనికోడ్ రాకముందు, అంటే మా ఇంటికి రాకముందు, నేను కథలు ఒక పాత ఫాంటులో టైపు చేయించుకునేదాన్ని. తెర మీద "అ" లాగే కనిపించేది. లోపల మాత్రం అది తెలుగు వేషం కట్టిన ఇంగ్లీషు అక్షరమే. కంప్యూటరు మారింది, ఆ ఫాంటు పోయింది, వేషం ఊడిపోయింది. కథల నిండా ఇంగ్లీషు అక్షరాలూ ఆశ్చర్యార్థకాలూ మిగిలాయి. పదకొండు కథల్లో అచ్చుకాగితాలు దాచుకున్న నాలుగే దక్కాయి. 1991 అక్టోబరులో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగు అక్షరాలకి సొంత చోటు ఉందనీ, 2001లో విండోస్ ఎక్స్‌పీతోపాటే గౌతమి అనే తెలుగు ఫాంటు వచ్చిందనీ నాకు ఆ కథలు పోయాకగాని తెలియలేదు. పోయిన ఏడు కథల్లో ఒకటి మా అమ్మ గురించి. మళ్ళీ రాశాను గాని, అది మొదటిది కాలేదు.

మన అక్షరం అంత తేలిగ్గా లొంగేది కూడా కాదు. 2018 ఫిబ్రవరిలో ఒక్క "జ్ఞా"ని ఒక పద్ధతిలో రాసి పంపితే ఐఫోన్లలో మెసేజీల యాప్ కుప్పకూలిపోయేది. ఆ నెలలోనే సవరణ పంపారనుకోండి. జ్ఞానం మోయలేక ఫోను సొమ్మసిల్లిందని మా ఇంట్లో చాలాకాలం నవ్వుకున్నాం.

రెండో పుస్తకాన్ని సమీక్షించడం కష్టం. ఎందుకంటే అది రాలేదు! పి.హెచ్.పి. అని ఇంకో భాష ఉంది, ఇంటర్నెట్టులో ఎన్నో పేజీల వెనక అదే పనిచేస్తుంటుంది. దాని ఆరో వెర్షన్‌లో ప్రపంచంలోని అన్ని లిపుల్నీ సొంతంగా అర్థం చేసుకునే శక్తి పెడతామని ఏళ్ళతరబడి పనిచేశారు. పని ముడిపడలేదు. 2010లో వదిలేశారు. కాని ఈలోగా ఏమైందనుకున్నారు? ఆరో వెర్షన్ నేర్చుకోండంటూ పుస్తకాలు అచ్చయి అంగళ్ళలోకి వచ్చేశాయి! రాయని నవలకి గైడు అమ్మినట్టు. జనం గందరగోళపడకూడదని, తర్వాతిదానికి ఆరు అనే అంకె వదిలేసి, 2015 డిసెంబరులో ఏకంగా ఏడు అని విడుదల చేశారు. ఆ పుస్తకాలు డబ్బిచ్చి కొనుక్కుని, ముందుగానే చదివి సిద్ధంగా కూర్చున్న తెలివైన పిల్లల్ని తలుచుకుంటే నాకు జాలేసింది. "ఫీజు ఇప్పుడే కట్టండి, పాఠం తర్వాత" అన్న మాట మళ్ళీ చెవిలో పడింది.

మూడో పుస్తకం దగ్గర నేను చాలా సేపు ఆగిపోయాను.

దాని పేరు పెర్ల్. ఇంగ్లీషులో ముత్యానికి రాసే మాటలోంచి ఒక అక్షరం తీసేశారు, ఆ పేరుతో అప్పటికే ఇంకో భాష ఉండడం వల్ల. సీతారాముల కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పోసే ఊరికి పిల్లనిచ్చిన వాళ్ళం కదా, నాకు వెంటనే నచ్చేసింది ఆ పేరు. 1987 డిసెంబరులో దాన్ని లోకానికిచ్చిన లారీ వాల్ కథ ఇంకా బాగుంటుంది. అతనూ, అతని భార్య గ్లోరియా బర్కిలీలో భాషాశాస్త్రం చదువుకున్నారు. ఎక్కడో, బహుశా ఆఫ్రికాలో, లిపి లేని ఒక భాషని వెతికి పట్టుకుని దానికి రాత కల్పించాలని వాళ్ళ కోరిక. అతని ఆరోగ్యం అడ్డొచ్చి ఆ ప్రయాణం మానుకున్నారు. మనుషుల భాషకి లిపి చెయ్యాలనుకున్నవాడు చివరికి యంత్రాలకి భాష చేశాడు.

ఇది చదవగానే మీకు ఎవరు గుర్తొస్తారు? నాకైతే గిడుగు రామమూర్తి పంతులుగారే. 1863లో పుట్టి 1940లో పోయిన ఆ మహానుభావుడు పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ కొండల్లో సవరల భాష నేర్చుకున్నాడు. దానికి పాఠ్యపుస్తకాలు రాశాడు. 1931లో ఆయన సవర భాషా గ్రంథం అచ్చయింది. రాత లేని జనం మాట్లాడే మాటల్లో ఎంత వ్యాకరణం ఉందో చూసినవాడు కనకనే, మన వాడుక తెలుగులో వ్యాకరణం లేదన్న పండితుల మీదికి అంత ధైర్యంగా వెళ్ళగలిగాడనిపిస్తుంది. గ్రాంథికం నుంచి వాడుకకి రావడం మన భాషకి పెద్ద వెర్షన్ మార్పు. అది విశ్వవిద్యాలయాల్లో నిలదొక్కుకునేసరికి ఆయన లేరు. కాని ఆయన ఎవరినీ "ఆగండి" అనలేదు. వాదిస్తూనే వాడుకలో రాస్తూపోయారు.

పెర్ల్ వాళ్ళు మాత్రం ఆగమన్నారు. 2000 జులైలో అమెరికాలోని మాంటెరీలో వాళ్ళ సభ జరిగింది. అందరూ నీరసంగా ఉన్నారు, భాష ఎదగడం లేదు. జాన్ ఆర్వంట్ అనే ఆయన లేచి కాఫీ కప్పులు ఒక్కొక్కటే గోడకేసి కొట్టడం మొదలుపెట్టాడట, ఏదో ఒకటి చెయ్యకపోతే అందరం పోతామని! మన ఇళ్ళలో కప్పు పగిలితే అరిష్టం. అక్కడ ఆ కప్పుల చప్పుడులోంచే ఆరో పెర్ల్ పుట్టింది. ఎలా ఉండాలో చెప్పమని అందర్నీ అడిగితే 361 సూచనలొచ్చాయి. పెళ్ళికి ఇరుగుపొరుగు వాళ్ళందరినీ వంటకాలు అడిగితే ఏమవుతుందో మీకు తెలుసు. వంట పదిహేనేళ్ళు పట్టింది. 2015 క్రిస్మస్ నాడు వడ్డించారు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. వంట అద్భుతంగా కుదిరింది. "తెలుగు"లో అక్షరాలెన్నని దాన్నడిగితే మూడు అంటుంది! పలక పట్టిన పిల్లలాగా, నాలాగా, మీలాగా. గుణింతాన్ని అక్షరం నుంచి ఊడదియ్యకుండా లెక్కపెట్టే గుణం దాని పుట్టుకలోనే పెట్టారు. భాషాశాస్త్రం చదివినవాడి చేతిపని కదా అనిపించింది. కాని ఆ పరమాన్నం ఆకులోకి వచ్చేసరికి పంక్తిలో జనమేరీ? చాలామంది లేచి పైథాన్ వాళ్ళింటికి భోజనానికి పోయారు. పాతదానికీ కొత్తదానికీ పోలికే లేకపోవడంతో 2019 అక్టోబరులో కొత్తదాని పేరు రాకు అని మార్చేశారు. ఈ పదిహేనేళ్ళూ ఐదో పెర్ల్‌తో పనిచేసేవాళ్ళు పని చేసుకుంటూనే ఉన్నారు, ఆ పాతదీ మెరుగుపడుతూనే ఉంది. నష్టపోయింది ఎవరంటే, "ఆరోది రాగానే మొదలుపెడదాం" అని ఐదోది ముట్టకుండా కూర్చున్నవాళ్ళు.

మూడు పుస్తకాలూ మూసి పెట్టాక నాకొకటి అర్థమైంది. ఒకటి వచ్చింది గాని జనాన్ని కదపడానికి పదకొండేళ్ళు పట్టింది. ఒకటి అసలు రాలేదు. ఒకటి గొప్పగా వచ్చింది గాని ఆలస్యమైంది. మూడింటిలోనూ కూర్చుని ఎదురుచూసినవాళ్ళకి దక్కింది ఏమీ లేదు. అలాగని పాతదాన్నే పట్టుకు వేలాడమనీ అనను. 1990ల నాటి నీలితెర టర్బో సి మీదే మన దేశంలో ఎన్నో కాలేజీలు దశాబ్దాలు గడిపేశాయి. ఆ పిల్లలు ఉద్యోగాల్లో చేరాక మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చింది. కాబట్టి "కొత్తదా, పాతదా" అన్నది సరైన ప్రశ్న కాదు. ఈ కొత్తది మన ఏ బాధని తీరుస్తోంది, అది ఇప్పుడు చేతికి అందుతోందా? ఈ రెండూ అడిగి, రెంటికీ జవాబుంటే కదలాలి. లేకపోతే ఉన్నదానితో పని మొదలుపెట్టాలి.

ఇంత తీర్పు ఫోనులో చెప్పడం ఇష్టంలేక, ఒక శనివారం కొత్తగూడెం, పాల్వంచల మీదుగా బస్సులో భద్రాచలం వెళ్ళాను.

వెళ్ళేసరికి ముందు గదిలో మా పిల్లా, దాని క్లాసుమేటు కోయ అమ్మాయీ బల్ల మీద కాలేజీ లాప్‌టాప్ పెట్టుకుని పడీపడీ నవ్వుతున్నారు. ఏమిటంటే, ఆ అమ్మాయి వాళ్ళ అవ్వ చెప్పే కోయ మాటల్ని తెలుగు లిపిలో రాసి, చిన్నపిల్లల కోసం గళ్ళనుడికట్టు తయారుచేద్దామనుకున్నారట. అవ్వ ఉండేది అడవి అంచున, 2014లో ఆంధ్రకి మారిన మండలాల్లో. "మా అవ్వ తన వేపచెట్టు కింద నుంచి కదల్లేదండీ, రాష్ట్రమే కదిలింది" అంది ఆ అమ్మాయి. అడక్కుండా వచ్చిపడిన కొత్త వెర్షనంటే అదీ! రేషన్ కార్డు దగ్గర్నించి అన్నీ మళ్ళీ రాయించుకున్నారట.

కోయలో ఏరు అంటే నీళ్ళు. మనకి పారేది ఏరు, వాళ్ళకి కుండలో ఉన్నదీ ఏరే. ఎంత చక్కని మాట! రెండు గళ్ళు చాలు దానికి. కంప్యూటరు మాత్రం మూడు గళ్ళు గీసింది. మొదటి గడిలో ఏ, రెండో గడిలో ర, మూడో గడిలో ఒంటరిగా ఒక కొమ్ము! పిల్లలు అందుకే నవ్వుతున్నారు.

నా నవ్వు మాత్రం ఆగిపోయింది. నేను నాలుగు వారాలు చదివి తెలుసుకున్నది వీళ్ళకి ఒక్క మాటతో ఎదురైంది. "దసరాకి వచ్చే వెర్షన్ దీన్ని సరిచేస్తుందా?" అని అడిగాను. ఇద్దరూ కలిసి అందులో రాబోయే మార్పుల జాబితా అంతా చదివారు. లేదు. మన కొమ్ము సంగతి ఎవరికీ పట్టలేదు.

"పోనీ పెద్దమ్మా, అక్షరమంటే ఏమిటో నువ్వు చెప్పు. మేం రాస్తాం" అంది మా పిల్ల.

అప్పుడు చెప్పాను, బి.ఎ. తెలుగు చదివినందుకు మొదటిసారి గర్వపడుతూ. గుణింతం గుర్తు వస్తే దాన్ని ముందున్న హల్లుకే అంటించండి. సున్నా వచ్చినా అంతే. పొల్లు వస్తే దాన్నీ అంటించి, దాని వెనకొచ్చే హల్లుని కూడా అందులోకే లాక్కోండి, అది ఒత్తు అవుతుంది. అంతకుమించి మన అక్షరానికి రహస్యమేమీ లేదు. నేను చెప్తుంటే వాళ్ళు రాశారు. ఇరవై వరసలు కూడా లేదు. రాసింది సెంటరు వాళ్ళు "పాతది" అన్న వెర్షన్‌లోనే. ఏరు రెండు గళ్ళలో కూర్చుంది. ఖమ్మం రెండు గళ్ళు. భద్రాచలం నాలుగు. నేను కావాలని "జ్ఞానం" ఇచ్చాను. రెండు గళ్ళు! ఫోనుని సొమ్మసిల్లజేసిన అక్షరం ఆ అమ్మాయిల చేతిలో బుద్ధిగా కూర్చుంది.

రాత్రి భోజనాల దగ్గర మా చెల్లెలితోనూ మరిదిగారితోనూ నేనేమీ తీర్పు చెప్పలేదు. పిల్లే చెప్పింది. "నాన్నా, నేను సోమవారం ఇప్పుడున్న బ్యాచిలోనే చేరతాను. కొత్తదాని కోసం ఆగను. కొత్తది వచ్చినా మా పని అది చేసిపెట్టదు" అని. మరిదిగారు కాసేపు పప్పు కలుపుకుంటూ కూర్చుని, "అయితే త్వరగా అయిపోతుందన్నమాట" అన్నారు. "అవదు నాన్నా, ఇప్పుడే మొదలైంది" అంది. ఆయనకి ఆ జవాబు పూర్తిగా నచ్చిందని చెప్పను. కాని ఆ రాత్రి సంబంధాల మాటెత్తలేదు.

2025లో దసరా అక్టోబరు 2న వచ్చింది. ఐదో రోజున, 7వ తేదీన, 3.14 వచ్చింది. వృత్తాల లెక్కల్లో మనం చదువుకున్న పై విలువా అదే కదా అని వాళ్ళ లోకమంతా సరదా పడిందట. ఆ సాయంత్రం మళ్ళీ డాబా మీంచి ఫోను.

"పెద్దమ్మా, కొత్త వెర్షన్ వేశాం. మన గళ్ళనుడికట్టు ఒక్క అక్షరం మార్చకుండా నడిచింది."

"మరి ఆగమన్న సెంటరు వాళ్ళు?"

"కొత్త బ్యాచి ఇంకా మొదలుపెట్టలేదు" అంది, గాలి హోరులో నవ్వుతూ. ఆ తర్వాత అంది, "ఆదివారం ఖమ్మం వస్తున్నాను. నీకూ నేర్పుతాను. నోటుబుక్కు ఒకటి కొని ఉంచు."

కొన్నాను. మొదటి పేజీలో పేరు రాసుకుని, కింద "2001 బ్యాచి" అని రాసుకున్నాను.